రంగు పోదు, గ్యారంటీ

మొగిలయ్యను ఏమన్నా అనండి, పడతాడు. అతను వేసిన రంగు పోయిందని మాత్రం అనకండి. పంజాగుట్ట సందులో ముప్పై ఏళ్లుగా చీరలకు రంగులు వేస్తున్నాడు. కూతురు పుట్టిన ఏడాది కొట్టుకు 'మానస డైయింగ్' అని ఆమె పేరే పెట్టుకున్నాడు.

ఆ మానస పెద్దదై అమీర్‌పేటలో జావా నేర్చుకుంది. రెండువేల నాలుగులో అమీర్‌పేటలో జావా నేర్చుకోనివి కరెంటు స్తంభాలొక్కటే; వాటి మెడలోనూ కోచింగ్ బోర్డులే వేలాడేవి. ఇంగ్లీషు సరిగా రాదని మూడు కంపెనీలు ఆమెను తిప్పి పంపాయి. నాలుగోది, సోమాజిగూడది, పోయిన వారం ఇంటర్వ్యూ చేసింది. అదీ పోతే కొట్లోనే కూర్చుంటానని మానస తేల్చి చెప్పింది. దరఖాస్తులో రాసింది కొట్టు ఫోను నంబరే.

మధ్యాహ్నం మూడున్నరకు ఆ ఫోను మోగింది. ఎవరో మేడం, గడగడా ఇంగ్లీషు. 'మానస' అంది, 'ఫ్లయింగ్ కలర్స్' అంది. మొగిలయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఫ్లయింగంటే ఎగరడమని అతనికి తెలుసు. చీర వెలిస్తే ఉర్దూ గిరాకీలు 'రంగ్ ఉడ్ గయా', అంటే రంగు ఎగిరిపోయింది, అనేవారు, ఈమె అదే ఇంగ్లీషులో అంటోంది! ఒరిజినల్స్ అంటూ, ఫైవ్ ఓ క్లాక్ అంటూ, సోమాజిగూడ అంటూ ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. మొగిలయ్యకు ఒళ్లు మండిపోయింది.

"నో ఫ్లయింగ్ మేడం! మానస కలర్ పక్కా! ఫుల్ గ్యారంటీ!" అని అరిచి ఫోను ఠపీమని పెట్టేశాడు.

నాలుగుంపావుకి మానస ఇంగ్లీషు క్లాసు నుంచి వచ్చింది.

"ఎవరో మేడం ఫోన్ జేసింది బిడ్డా. మన రంగు ఎగిరిపోయిందంటది! ఐదు గంటలకు సోమాజిగూడకు ఒరిజినల్స్ తెమ్మంటది. చీర ఆమె కాడనే ఉన్నది, నేనేం తెస్త?"

"ఏమన్నదో ఉన్నదున్నట్టు జెప్పు నాయినా."

"మానస, ఫ్లయింగ్ కలర్స్ అన్నది."

మానస ఒక్క గెంతు గెంతింది. "నాయినా! ఆమె జెప్పింది కొట్టు సంగతి గాదు, నా సంగతి! జాబ్ వచ్చింది! కలర్స్ అంటే జెండాలంట. యుద్ధం గెలిచిన ఓడలు జెండాలు ఎగరేసుకుంట వచ్చేటియంట. మా ఇంగ్లీషు క్లాసు హైమవతి మేడం జెప్పింది. పరీక్షల సుత గట్లనే అంటరు. ఊకె పాసైతే గాదు, దర్జాగ పాసైతేనే!"

"రంగు ఎగిరితే గెలుపా? గిదేం భాషనే!" అన్నాడు కానీ, మొగిలయ్య కాళ్లు నేల మీద నిలవడం లేదు. మానస వెనక గదిలోంచి సర్టిఫికెట్లు తెచ్చేలోపు అతను స్కూటర్‌ని రెండు తన్నులు తన్నాడు. పంజాగుట్ట చౌరస్తాలో బండ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, తాను అరిచిన సంగతి.

"బిడ్డా, జర కోపంల ఆమె మీద అరిచిన. ఫోన్ సుత పెట్టేసిన."

వెనక కూర్చున్న మానస అతని చొక్కా గట్టిగా పట్టుకుంది. మూడు కంపెనీలు కాదన్నప్పుడు ఏడవని మొగిలయ్యకు ఇప్పుడు కళ్లు చెమర్చాయి. నోటికాడి కూడు తన చేత్తోనే తీసేశానేమోనని భయపడ్డాడు.

ఐదుకు ఏడు నిమిషాలుండగా సోమాజిగూడ కంపెనీ మూడో అంతస్తుకు చేరారు. ఇద్దరికీ ఎగశ్వాస. బల్ల వెనక కూర్చున్నామె పేరు మంజూష అని బిళ్ల మీద ఉంది. మానస ఫైలు ఇచ్చింది. మొగిలయ్య చేతులు వెనక్కి దాచుకున్నాడు. మోచేతుల దాకా నీలిరంగు.

మంజూష ఆ చేతుల్ని చూడనే చూసింది. తెలుగులో అడిగింది. "మానస గురించి ఫోన్‌లో ఫుల్ గ్యారంటీ ఇచ్చింది మీరేనా అండీ?"

మొగిలయ్య కూతురి వంక చూశాడు. చేతులు ముందుకు తెచ్చి జోడించాడు.

"నేనేనమ్మా. ఎన్ని ఉతుకులైనా పోదు."