గళ్లుప్పు

కుళాయి ఆగిపోయేలోగా ఇంకో బిందె పట్టాలని పోతయ్య తొందరపడ్డాడు. బందరులో బోరునీళ్లు ఉప్పన, అవి పోస్తే ఉన్న ఒక్క మొక్కా పోతుంది. బిందె నడుముకు ఆనించుకుని, మొరాయించే మోకాళ్లను బతిమాలుకుంటూ వచ్చి, అరెకా పామ్ మొదట్లో నెమ్మదిగా వంచాడు. మంచినీళ్లు ఇంకి, మట్టిలోని ఉప్పును వేళ్ల కిందికి దించాలి.

ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ సముద్రం మీద చేపల వేటకు వెళ్లిన మనిషి. ఆపైన రెబెకా టీచరు ఇంట తోటపని దొరికింది. గుమ్మానికి అటొకటి ఇటొకటి నాటుకున్న ఆ అరెకాలంటే ఆవిడకు ప్రాణం. ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం నాడు వాటి మట్టలతో చర్చికి వెళ్లాలని ముచ్చట. అవి ఏపుగా రావడం లేదని, కొబ్బరికి వేసినట్టే పోతయ్య వాటి మొదళ్లలో దోసెడేసి గళ్లుప్పు వేశాడు. కొబ్బరికి మేలుచేసింది దాని చుట్టానికి చెయ్యదా అనుకున్నాడు పాపం. ఆకుల కొసలు మాడాయి. ఒకటి మొవ్వుతో సహా ఎండిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడీ బిందెల మోత. టీచరు మాత్రం బోరునీళ్లనే తిట్టిపోస్తోంది. తనకు తగలాల్సిన తిట్లు నీళ్లకు తగులుతుంటే పోతయ్యకు ముద్ద దిగడం లేదు.

ఇవాళ మిగిలినదాని మధ్య దబ్బనమంత లేత మొవ్వు కనిపించింది. ఇక దాచలేకపోయాడు. టీ తెచ్చిన టీచరు ముందు తలవంచుకున్నాడు.

“నీళ్ల తప్పు కాదండి టీచరుగారండీ. ఉప్పేసింది నేనేనండి.”

రెబెకాకు కోపం ముంచుకొచ్చింది. బిందెలు మోసి కాయలుకాసిన అతని చేతులు చూశాక నిలవలేదు.

“పోయినదాన్ని ఎలాగూ తేలేం. దీన్ని బతికించు పోతయ్యా. మట్టలాదివారానికి మట్ట నువ్వే కోసివ్వాలి.”

“మీ చర్చికి నేనేంటండీ?”

“పెంచినవాడు కాకపోతే ఇంకెవరు కోస్తారు?”

చాలా రోజుల తర్వాత పోతయ్యకు టీ రుచి తెలిసింది.

మధ్యాహ్నం ఎండ ముదిరింది. లేత మొవ్వు మాడుతుందేమోనని నాలుగు పుల్లలు పాతి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, దానిమీద పందిరిలా కట్టాడు. గోడనీడన చేరగిలబడ్డాడు. అన్నానికి పిలవడానికొచ్చిన రెబెకా కునుకు తీస్తున్నాడనుకుంది. మళ్లీ పిలిచింది. భుజం తడితే మనిషి పక్కకు ఒరిగిపోయాడు. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది.

మట్టలాదివారం నాడు ఆవిడ చర్చికి కొబ్బరిమట్ట పట్టుకెళ్లింది. గుమ్మం దగ్గర అరెకా కొత్తాకు విచ్చుకుని పందిరి అంచు దాటింది. పుల్లలకు వేసిన వలముళ్లు విప్పడం ఎవరికీ చేతకాలేదు, కత్తి పెడతామంటే రెబెకా ఒప్పుకోలేదు. వెలిసిపోయిన ఆ తువ్వాలు ఆకు పక్కనే గాలికి కదులుతోంది.