ఫెర్న్ మీద కేసు

పిల్లాణ్ణి సరిగా చూసుకోవట్లేదని కౌంటీ అధికారులొచ్చి నా కొడుకు ఎమ్మెట్‌ని ఎత్తుకుపోతారేమోనన్నదే అప్పట్లో నాకున్న పెద్ద భయం. వాడప్పటికింకా పాకుతున్నాడు. మా ఆయన లారీ ఎక్కాడంటే వారందాకా దిగడు. పదో తరగతిలో బడి మానేసినదాన్ని, నా మాట ఎవరు వింటారు?

స్క్రాంటన్ ఊళ్ళో అప్పుడు మేమున్న మేడలో ఎదురు గుమ్మం పావ్లిక్ గారిది. కోర్టులో ఏళ్ళ తరబడి వాంగ్మూలాలు టైపు కొట్టి రిటైరైన మనిషి. గురువారం సాయంత్రం నేనూ పిల్లాడూ ఆవిడ సోఫాలో చేరి కామెడీ సీరియల్ చూసేవాళ్ళం. అందులో డూలీ అనేవాడూ, వాడి చెల్లెలు ఫెర్నూ ఇరుగుపొరుగుని కాల్చుకుతింటుంటారు. టీవీలో జనం నవ్వు ఆగేలోపు పావ్లిక్ గారు కేసు పెట్టేసేవారు.

ఓసారి డూలీ పక్కింటి కిటికీలోంచి దూరి చిలకని ఎత్తుకొచ్చాడు.

"ఇంట్లో జొరబడి దొంగతనం. లోపలేసెయ్యాలి."

"వాళ్ళమ్మ పుట్టినరోజుకండీ, పాపం!"

"అమ్మకిస్తే దొంగసొత్తు ప్రసాదమైపోతుందా? ఆ పాప్‌కార్న్ ఇలా ఇవ్వు."

తర్వాత తెల్లకోటు తొడుక్కుని డాక్టర్నన్నాడు.

"ఇంకో కేసు. ఆ కోటు కూడా కొట్టేసిందే, వెధవ."

నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఓ గురువారం ఫెర్న్ తన పాపని నిద్రపుచ్చి, ఉతికిన బట్టలు తెస్తానని కిందకెళ్ళి, అక్కడ ఎవడితోనో బీరు తాగుతూ కూర్చుంది. జనం పగలబడి నవ్వారు.

"పసిపిల్లని ఒంటరిగా వదిలెయ్యడం," అన్నారు పావ్లిక్ గారు. "తీసుకెళ్ళిపోతారు పిల్లని."

ఎమ్మెట్‌ని ఒళ్ళోకి లాక్కున్నాను. మా మేడలో బట్టలుతికే మిషన్లు నేలమాళిగలో ఉంటాయి. మిషన్ ఆగేసరికి మనం అక్కడ లేకపోతే, వెనకవాళ్ళు మన తడిబట్టలు తీసి మిషన్ మీద కుప్పపోస్తారు. అది తప్పు కాదు, అక్కడి పద్ధతి. అందుకే ఎమ్మెట్ పడుకోగానే వాణ్ణి వదిలి మెట్ల మీద పరుగెత్తేదాన్ని. అంటే నేనూ ఫెర్నే!

ఆ రోజు నుంచి కిందకి వెళ్ళడం మానేశాను. బుట్టనీ పిల్లాణ్ణీ కలిపి ఆ ఇరుకు మెట్లు దిగలేను. సింకులో పిండినవి ఆరి చావవు. ఆఖరికి పొడి బట్ట లేక ఎమ్మెట్‌కి దిండుగలీబు చుట్టాను.

"వీడేంటే, గద్దె దిగిన రోమన్ చక్రవర్తిలా ఉన్నాడు?" అన్నారు పావ్లిక్ గారు.

ఏడ్చేశాను. అంతా చెప్పి, "నన్ను పట్టిస్తారా?" అన్నాను.

"ఓసి పిచ్చిమొహమా! నేను టైపు కొట్టినదాన్ని. జడ్జినీ కాను, పోలీసునీ కాను. ఫెర్న్ బీరు తాగింది, నువ్వు చెడ్డీలు తెచ్చుకున్నావు. చూసేవాడికి తేడా తెలుస్తుంది."

"తెలియకపోతే?"

"అంతదాకా ఎందుకు? నా తలుపు కొట్టు, వచ్చి కూర్చుంటా. పై అంతస్తువాడి టీవీ కేబుల్‌కి నేను వైరు తగిలించుకున్న సంగతి మాత్రం ఎక్కడా అనకు," అన్నారు.

అలాగే వచ్చి కూర్చునేవారు. పోయిన చలికాలం మేం దూరాన టొలీడో ఊరికి మారాం. అయినా గురువారం గురువారం ఫోన్ చేసి డూలీ మీద కొత్త కేసు పెట్టేసేవారు. ఈమధ్య ఆ ఫోన్ రావడం లేదు. నేను చేస్తే ఎత్తడం లేదు. పిల్లాడికి జ్వరం, మా ఆయన రోడ్డు మీద, వదిలి కదల్లేను. స్క్రాంటన్ వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, పాత రైలు స్టేషన్ వెనక పచ్చ గుమ్మం మేడ, మూడో అంతస్తు, ఎడమ తలుపు. ఆవిడకి కాస్త చెముడు, గట్టిగా కొట్టండి. ఎలా ఉన్నారో చూసి రండి.