శాంపిల్‌లో వచ్చిన పేరు

ఎన్నికల సర్వేకొచ్చిన అమ్మాయి గుమ్మంలో నిలబడి, "లాటరీ తీస్తే శాంపిల్‌లో మీ ఆవిడ పేరొచ్చిందండీ. జవాబు ఆవిడే చెప్పాలి" అంది.

"దానికేం తెలుసు? మా ఇంటి ఓట్లన్నీ అధికార పార్టీకే, రాసుకో" అన్నాడు భర్త.

లోపల మిషన్ మీద బట్టలు కుడుతున్న భార్యకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన నాటి నుంచీ ఆమె జవాబులన్నీ ఆయనే చెబుతున్నాడు. కత్తెర విసిరికొట్టి బయటికొచ్చింది.

"నా నోరేం పడిపోలేదు. లోపలికి రామ్మా, నేనే చెబుతాను."

"చెప్పేదేదో నా ముందే చెప్పు!" అని ఆయన గద్దించాడు.

"మీ ముందు చెబితే అది మీ ఓటే అవుతుంది" అంటూ అమ్మాయిని లోపలి గదిలోకి తీసుకెళ్లి, ఆయన మొహం మీదే తలుపేసింది.

ఆయన తలుపు బాదుతూనే ఉన్నాడు. ఆమె కోపం చల్లారకపోయినా, గొంతు తగ్గించి, ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పింది.