పాపయ్య తెచ్చిన పండు

కర్నూలు వీధుల్లో తుంగభద్ర పారిన ఏడాది, కార్తీకమాసంలో జరిగిందిది. అమెరికాలో, ఫ్రీమాంట్‌లో ఉన్న కూతురు రేణు ఇంటికి వచ్చిన నాటినుంచి పాపయ్యకి ఎవరూ ఒక్క పనీ చెప్పలేదు. గ్లాసు కడగబోయినా "నాన్నా, నువ్వు కూర్చో" అనేది రేణు. కూర్చుని కూర్చుని ఆయనకి ప్రాణం విసిగిపోయింది.

సత్యనారాయణ వ్రతం నాడు మాత్రం పళ్ళు తెచ్చే పని ఆయన చేతికొచ్చింది. వీధి చివర చైనావాళ్ళ కొట్లో, ఫ్రీజర్‌లో, ఒంటినిండా ముళ్ళున్న పండు కనబడింది. కర్నూల్లో తోపుడుబండి మీద తొనలే కొనుక్కు తిన్న మనిషి, పనసే అనుకున్నాడు. రాయిలా గడ్డకట్టినదానికి వాసనెక్కడిది? మురిసిపోతూ తెచ్చి దేవుడి ముందు పెట్టాడు. సాయంత్రం పురోహితుడు విశ్వనాథంగారు దాన్నీ కలిపి నైవేద్యం పెట్టేసి, కథ మొదలుపెట్టారు.

కథ సగంలో ఉండగా మంచు కరిగిన పండు పగిలింది.

అల్లుడు దామోదర్ గబుక్కున లేచాడు. "గ్యాస్ లీక్ అవుతోంది! రేణూ, స్టవ్ చెక్ చెయ్యి!"

వచ్చినవాళ్ళు కిటికీలు తెరిచారు. మనవరాలు నైనిక పీట దగ్గరికెళ్ళి ముక్కు మూసుకుంది. "మమ్మీ, ఇట్స్ డ్యూరియన్! తాత డ్యూరియన్ తెచ్చాడు!"

చూడ్డానికి పనసలాగే ఉండి, పగిలితే కంపుకొట్టే పండది. అందరూ పాపయ్య వంక చూశారు. ఇక ఈ ఇంట్లో ఉప్పు పొట్లం తెమ్మని కూడా నాకు చెప్పరు, అనుకుని ఆయన తల దించుకున్నాడు.

"మామయ్యగారూ, ఏమనుకోకండి. ట్రాష్‌లో వేసేస్తా."

"ఆగవయ్యా," అన్నారు విశ్వనాథంగారు. "స్వామికి పెట్టేశాం. ఇప్పుడది ప్రసాదం."

"పంతులుగారూ, ఈ వాసనకి స్వామే లేచిపోతాడండీ!"

"ఆయన కదల్లేదుగా. నువ్వూ కూర్చో."

కథ పూర్తిచేసి, ఆయనే ముందు ఒక తొన తీసి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు. ఇల్లంతా ఆయన దవడల వంకే చూసింది. నమిలారు, మింగారు. మళ్ళీ చెయ్యి చాపారు.

తర్వాత ముక్కులు మూసుకుని ఒక్కొక్కరే వచ్చారు.

"నాన్నా, అచ్చం జున్నులా ఉంది!" అంది రేణు. దామోదర్ రెండో తొన అందుకున్నాడు.

పాపయ్య కూడా తిన్నాడు. "పనస కాదు," అన్నాడు తీరిగ్గా. ఆ సాయంత్రం ఆయన నోట వచ్చిన మాట అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే, ఎవరినీ అడక్కుండా, సంచీ తీసుకుని పాలకీ ఉల్లిపాయలకీ బయల్దేరాడు. "నాన్నా, కొత్తిమీర కూడా!" అని రేణు వంటింట్లోంచి కేకేసింది. ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి, కొట్టువైపు నడిచాడు.