మాస్టారి మూలగోడ

సలోమి భర్త ఏసుదాసు మాస్టారికి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నది ఒక్కటే అవలక్షణం. ఆయన ఎప్పుడూ తప్పు చెయ్యరు. టీలో పంచదార బదులు ఉప్పు వేసుకున్న రోజున, రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టినవాళ్ళది తప్పు. ఒకరి పెళ్ళికని వెళ్ళి ఇంకొకరి పెళ్ళిలో భోంచేసి వచ్చిన రోజున, ఒకే వీధిలో రెండు కల్యాణమండపాలు కట్టినవాళ్ళది తప్పు. డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి, వంకరగా ఏదైనా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పరామర్శకి వెళ్ళిన ఇంట్లో కూడా ముందు గోడమీద కేలెండరు సరిచేసి, ఆ తర్వాతే విచారపడతారు.

"నాదే పొరపాటు" అన్న మాట ఆయన నోట ఒక్కసారి వినాలని సలోమికి పెళ్ళైన కొత్తలో కలిగిన కోరిక. నగలూ చీరలూ అడక్కుండానే వచ్చాయి. ఇది మాత్రం రాలేదు.

కిందటి వానాకాలంలో ఆ కోరిక మరీ ముదిరింది. అమలాపురంలో వాళ్ళ చర్చివీధి వెళ్ళి ముమ్మిడివరం రోడ్డులో కలిసేచోట, సరిగ్గా ఆ మూలమీద ఉంది వాళ్ళ ఇల్లు. మూలన మనిషెత్తు ప్రహరీ. వీధిలోంచి వచ్చేవాళ్ళకి ఎడమవైపు నుంచి ఏమొస్తోందో, బండి ముందుచక్రం రోడ్డెక్కేదాకా తెలియదు. సలోమి స్కూటీ అలా ఎక్కినప్పుడే కొబ్బరికాయల వ్యాను ఒకటి దూసుకొచ్చింది. తప్పించబోయి పడి మోకాలు పగలగొట్టుకుంది.

ఆస్పత్రిలో కట్టు కడుతుంటే మాస్టారు పక్కనే నిలబడి, "హారను కొట్టాలి సలోమీ. నీదే తప్పు" అన్నారు.

ఈ ఏడు వీధికి మంచిరోజులొచ్చాయి. తుప్పుపట్టిన ఇనప గొట్టాలు తీసేసి మంచినీళ్ళకి కొత్తవి వేస్తున్నారు. వాటి వెనకే కొత్త డ్రైను, సిమెంటు రోడ్డు. కుళాయి తిప్పితే టీ డికాషన్ రంగు నీళ్ళు పట్టుకునే జనం కాబట్టి, లారీలోంచి గొట్టాలు దింపుతుంటే పెళ్ళికూతురి సామాను దిగినట్టు గుమ్మాల్లో నిలబడి చూశారు. పని చేయిస్తున్న ఇంజనీరు శాంతి అనే అమ్మాయి. ఒకరోజు మాస్టారింటికొచ్చి అరుగుమీద కూర్చుంది.

"మాస్టారండీ, మీ ప్రహరీ మూల కాస్త ఏటవాలుగా కోసుకోనిస్తే, డ్రైను అక్కడ వంపు తిప్పేస్తానండి. రోడ్డు రెండువేపులా కనపడిపోద్దండి. ఒకసారి సిమెంటు పడిందంటే మళ్ళీ ఎవరూ ముట్టుకోరండి."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ గోడ ఎవరు కట్టేరో తెలుసా అమ్మా? మా నాన్నగారు. ఆయన తండ్రి పాలేరు. ఆసామి ఎదురొస్తే గట్టు దిగి బురదలో నిలబడేవాడు. నాన్నగారు చదువుకుని పంతులయ్యేక, మా పేటలో మొట్టమొదటి ప్రహరీ ఇదే లేచింది. ఒక్క ఇటిక తియ్యనివ్వను."

ఆ గోడంటే ఏమిటో సలోమికీ తెలుసు. క్రిస్మస్‌కి ఇంటికి రంగు ఉన్నా లేకపోయినా గోడకి సున్నం తప్పదు. మామగారి పేరు చెక్కిన రాతిపలక ఆ మూలనే ఉంది. దాన్ని ఆమె చీరకొంగుతో తప్ప గుడ్డతో తుడవదు. అయితే పగిలిన మోకాలు కూడా ఆమెదే.

"కోసిన చోటే పలక మళ్ళీ పెట్టించుకోవచ్చు కదండీ" అంది.

"వంకరగానా?" అన్నారు మాస్టారు.

శాంతి నవ్వాపుకుంటూ లేచింది. "గొట్టాల పని అయ్యేదాకా ఆలోచించుకోండి మాస్టారూ. తర్వాత నా చేతిలో ఉండదండి."

మాస్టారు ఆలోచించారు. గోడ చెక్కుచెదరకుండా ప్రమాదాలు ఆపాలి. ఎప్పుడో ఊటీ వెళ్ళినప్పుడు కొండ మలుపుల్లో అద్దాలు చూశారు. అంతే, సలోమి డ్రెస్సింగ్ టేబులు నిలువుటద్దం ఊడింది. ఎలక్ట్రీషియను అంజిబాబు దాన్ని రోడ్డు అవతల, వీధికి ఎదురుగా ఉన్న వాడుకలో లేని స్తంభానికి కట్టాడు. ఎడమవైపు రోడ్డు అందులో కనబడేలా ఏటవాలుగా తిప్పి మరీ కట్టాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, పనిచేసింది. వీధిలోవాళ్ళు అద్దం చూసుకుని రోడ్డెక్కడం మొదలుపెట్టారు. సలోమి మటుకు ఇంట్లో స్టీలు పళ్ళెంలో చూసుకుని తల దువ్వుకుంది.

"అదేంటి వదినగారూ, అద్దం తీసుకెళ్ళి రోడ్డుమీద పెట్టేరు?" అంది ఎదురింటి వీరాయమ్మ.

"మీ అన్నయ్యగారు నన్ను చూడ్డం మానేసేరు కదండీ. బస్సులైనా చూసుకుంటాయని."

మర్నాటి సాయంత్రం ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి, మాస్టారు రోడ్డు అవతల స్టూలెక్కి అద్దాన్ని తిప్పుతున్నారు.

"ఏవండీ, అంజిబాబు దాన్ని కావాలనే..."

"వాడికి మట్టం తెలీదు. ఎంత వంకరగా ఉందో చూడు."

"అలా ఉంటేనేనండీ..."

"సలోమీ, ఊరందరి పిల్లల చేతా గీతలు గీయించినవాణ్ణి. నాకు చెప్తావా?"

అద్దం వీధికి సూటిగా, మాస్టారి మనసుకి హాయిగా నిలబడింది. సలోమి ఇంట్లోకొచ్చి అంజిబాబుకి ఫోన్ చేసింది. పొద్దున్నే వచ్చి మళ్ళీ తిప్పేస్తానన్నాడు.

అంజిబాబు కంటే ముందే మాస్టారు లేచారు. తలకి మఫ్లరు చుట్టుకుని, పాలకని మోపెడ్ తీశారు. తవ్వకాల దుమ్ము పట్టి అద్దం మసగ్గా ఉంది. వీధి చివరికి వచ్చేసరికి, ఎవరో మఫ్లరు మనిషి మోపెడ్ మీద తిన్నగా తనమీదికే వస్తున్నాడు. మాస్టారు హారను కొట్టారు. ఆ మనిషి తప్పుకోలేదు.

"ఏవయ్యా! పక్కకెళ్ళు!" అంటూ చెయ్యి విసిరారు. అతగాడూ పొగరుగా చెయ్యి విసిరాడు.

అతగాడితో తగువులో ఉండగానే బండి రోడ్డెక్కింది. ఎడమవైపు నుంచి బడిపిల్లలతో నాగబాబు ఆటో వస్తోంది. బ్రేకు కీచుమంది. ఆటో ముందుచక్రం మోపెడ్‌కి జానెడు దూరంలో ఆగింది. మాస్టారు పక్కనున్న ఇసక కుప్పలో పడ్డారు.

సలోమి పరిగెత్తుకొచ్చేసరికి ఆటోలో పిల్లలు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. నాగబాబు మాస్టార్ని లేవదీస్తూ అద్దంకేసి చూశాడు.

"తిట్టింది ఆయన్నేనా అండీ? పోన్లెండి, ఆయనా పడిపోయేరు."

వీధంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. కోప్పడలేదు కూడా. ఆటో పక్కన వేలాడుతున్న టిఫిను సంచుల్నీ, లోపల కన్నీళ్ళ మొహాల్నీ చూస్తూ ఉండిపోయారు.

"హారను కొట్టేను" అన్నారు, చాలా చిన్నగా.

సలోమి ఆయన మోకాలికి తడిగుడ్డ చుట్టింది. ఆ మోకాలు చూస్తే తన మోకాలే గుర్తొచ్చింది.

ఆ పూటే మాస్టారు కుంటుకుంటూ వెళ్ళి శాంతిని పిలుచుకొచ్చారు. రాతిపలకని ఉలితో తనే విడదీసుకుని, వీధిలో కుర్చీ వేయించుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకు కూర్చున్నారు. "ఇంక కొట్టండమ్మా" అన్నారు. మూల కూలినప్పుడు ఆయన కళ్ళు మూసుకోవడం సలోమి చూసింది. తెరిచేసరికి, ఎక్కడో దూరాన వస్తున్న ముమ్మిడివరం బస్సు అక్కడినుంచే కనిపించింది.

కొత్త గోడ ఏటవాలుగా లేచింది. ఇదివరకు వీధిలోవాళ్ళకే కనబడే మామగారి పేరు ఇప్పుడు రోడ్డుమీద పోయే బస్సులోంచి కూడా చదువుకోవచ్చు. అమలాపురంలో మలుపులు చాలానే ఉన్నాయి గానీ, ఇంటాయనే దగ్గర కూర్చుని తన గోడ కోయించిన మలుపు ఇదొక్కటేనని వీరాయమ్మ చుట్టాలందరికీ చెప్పుకుంటోంది. సలోమి చెప్పుకోదు. పలక తుడవడానికి రోజుకొకసారి బదులు రెండుసార్లు బయటికొస్తుంది, అంతే.

సిమెంటు రోడ్డు పోసే రోజున మిక్సరు గుడగుడలాడుతుంటే మాస్టారు వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు.

"ఇంకెవరూ మనల్ని గట్టు దిగమనకూడదని కట్టేరు నాన్నగారు" అన్నారు గోడకేసి చూస్తూ. "దానిచాటున పిల్లల్ని చంపేసేవాణ్ణి. నాదే తప్పు సలోమీ."

సలోమికి ప్రతి అక్షరం వినబడింది.

"ఏవన్నారండీ? ఈ మిషను గోలలో వినపళ్ళేదు."

మాస్టారు ఆమె మొహంలోకి చూశారు. సంగతి అర్థమైంది. గొంతు సవరించుకుని, ఆఖరి బెంచీదాకా వెళ్ళే ఆ పాత బడిగొంతుతో, వీధి వీధంతా తిరిగి చూసేలా అన్నారు:

"తప్పు నాదే! మొన్న నేను పడ్డప్పుడూ నాదే, అప్పుడు నువ్వు పడ్డప్పుడూ నాదే!"