పండుగ ముందు మూడు లారీలు

సి మొబారక్ నిజంగానే వస్తాడని రఖియా అనుకోలేదు.

మొరాకోలో, అగాదీర్‌లోని ఆ బిజినెస్ స్కూల్లో శనివారం క్లాసులకు వచ్చేవాళ్లంతా ఉద్యోగస్తులే. మేనేజ్‌మెంట్ పీజీ చివరి సెమిస్టర్‌లో ప్రొఫెసర్ లుబ్నా వాళ్లకో కొత్త పరీక్ష పెట్టింది. తమ కంపెనీలో బెడిసికొట్టిన ఒక నిర్ణయాన్ని ఎంచుకుని, ఎందుకు బెడిసిందో క్లాసు ముందు చెప్పాలి. ఆ నిర్ణయం తీసుకున్న మనిషిని కూడా పిలవాలి.

రఖియా యజమాని, అందరూ గౌరవంగా ‘సి’ చేర్చి పిలిచే మొబారక్, వచ్చాడు. టమాటాల పెట్టెతో సహా వచ్చాడు.

"లంచం కాదు ప్రొఫెసర్ గారూ, సలాడ్‌కి," అంటూ పెట్టెను బల్ల మీద పెట్టాడు.

క్లాసంతా నవ్వింది. రఖియా నవ్వలేకపోయింది. ఆయన టమాటా ప్యాకింగ్ స్టేషన్‌లో ఆమె ప్లానింగ్ చూస్తుంది. అక్కడ శనివారం సెలవు కాదు. ఆయన ఊ అంటేనే ఆమె ఇక్కడ కూర్చోగలదు. ఆయనకు కోపం వస్తే శనివారాలు పోతాయి, వాటితో పాటు పీజీ కూడా.

"వేరే కేసే దొరకలేదా నీకు?" పక్క సీట్లో బ్యాంకు ఉద్యోగి మునీమ్ గొణిగాడు. "తప్పంతా వాన మీదికి తోసెయ్."

"ఎండిపోయిన మన సూస్ సీమలో వానా? ఎవరు నమ్ముతారు?"

రఖియా లేచి కేసు చెప్పింది. కిందటేడు రంజాన్ చివరి వారం. ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్ కొనుగోలుదారు పండుగలోపు మూడు లారీల సరుకు అదనంగా అడిగాడు. సి మొబారక్ సరేనన్నాడు. కానీ ప్యాకింగ్ చేసే ఆడవాళ్లలో సగం మంది పండుగకని అప్పటికే కొండల్లోని సొంతూళ్లకు బస్సెక్కేశారు. ఒక్క లారీయే కదిలింది. కొనుగోలుదారు ఇంకొకరిని చూసుకున్నాడు.

"మాట ఇచ్చే ముందు మీరు ఎవరినైనా అడిగారా?" ప్రొఫెసర్ సి మొబారక్ వైపు తిరిగింది.

"అడక్కుండా ఎలా ఇస్తాను? ఈ పిల్లనే అడిగాను. కాదనలేదు."

అక్కడితో వదిలేయొచ్చు. తల ఊపి తర్వాతి స్లయిడ్‌కి వెళ్లిపోవచ్చు. మునీమ్ కళ్లతోనే బతిమాలుతున్నాడు.

"కాదన్నాను, సి మొబారక్," అంది రఖియా.

"ఎప్పుడు? నా చెవులు బాగానే ఉన్నాయమ్మాయ్."

"ఇఫ్తార్‌లో హరీరా సూప్ తాగి వచ్చాక. మెట్ల దగ్గర."

"ఏమన్నావ్? ఆ మాటే మళ్లీ అను."

"అల్లా సులువు చేయాలి, సి మొబారక్, అన్నాను."

క్లాసు గొల్లుమంది. బేరం తెగని దుకాణదారుతో, సిగ్నల్ దగ్గర చెయ్యి చాచినవాడితో, నచ్చని సంబంధం తెచ్చిన పిన్నితో మర్యాదగా కాదనడానికి అందరూ అనే మాట అది.

"అది కాదనడమా!" సి మొబారక్ కుర్చీలోంచి లేచాడు. "పండుగ పూట దువా చేస్తోందనుకున్నాను. ఆమీన్ కూడా అన్నాను కదే!"

"అన్నారు. అంటూనే కొనుగోలుదారుకు ఫోన్ కలిపారు."

ప్రొఫెసర్ లుబ్నా మాత్రం నవ్వలేదు.

"రఖియా, బజారులో బట్టలవాడితో నువ్వు ఆ మాటంటే వాడికి అర్థమవుతుంది. ఎలా?"

"అనేసి వెళ్లిపోతాను కాబట్టి."

"మెట్ల దగ్గర?"

"నిలబడే ఉన్నాను."

"సరే. మూడు లారీలూ కదిలి ఉంటే, ఆ మాటకు అర్థం ఏమని చెప్పేదానివి?"

సి మొబారక్ కూడా ఆమెనే చూస్తున్నాడు. రఖియాకు జవాబు తెలుసు. దువా అని చెప్పేది. నేను ముందే ప్రార్థించానని నవ్వుతూ తియ్యటి మింట్ టీ గ్లాసు అందుకునేది. లారీలు ఆగిపోయాయి కాబట్టి అది హెచ్చరిక అయింది. ఎటు తేలినా తను క్షేమంగా ఉండే చోటు చూసుకునే ఆ మాట అంది.

ఆమె తెర వైపు చూసింది. చివరి స్లయిడ్ శీర్షిక: పై అధికారి వినకపోవడం.

"ఈ శీర్షిక తప్పు, ప్రొఫెసర్," అంది. "ఇక్కడ ఇద్దరి పేర్లూ ఉండాలి."

క్లాసు అయ్యాక సి మొబారక్ కారు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో తాళాలు గలగలలాడుతున్నాయి.

"ముప్ఫై మంది ముందు నన్ను చెవిటివాణ్ణి చేశావు."

"నన్ను నేను మూగదాన్ని చేసుకున్నాను కదా."

ఆయన ముక్కుతో ఏదో శబ్దం చేశాడు. అది నవ్వో కోపమో తెలియలేదు. "వచ్చే శనివారం స్పెయిన్ వాళ్లు వస్తున్నారు. నువ్వు ఉండాలి."

"కుదరదు. పరీక్ష ఉంది."

అంత పొట్టి మాట ఆమె నోటి నుంచి ఆయన ఎప్పుడూ విని ఉండడు. తాళాల చప్పుడు ఆగింది. రఖియా ఆ మాటకు ఇంకేమీ కలపలేదు.

"చూద్దాం," అన్నాడు చివరికి. "సోమవారం మాట్లాడుకుందాం."

"అది ఔననా, కాదనా?"

సి మొబారక్ కారు తలుపు తెరిచి, మళ్లీ మూశాడు. ఈసారి నిజంగానే ఆలోచించాడు.

"పరీక్షకు ఔను. ఆ తర్వాతి రెండు శనివారాలకు కాదు. పంట ఒకేసారి దిగుతోంది, నువ్వు లేకపోతే నా వల్ల కాదు."

దెబ్బే. పీజీ ప్రాజెక్టు పూర్తి చేయడానికి మిగిలిన శనివారాలు ఆ రెండే. అయినా దాని కొలత తెలిసింది. కొలత తెలిసినదాని గురించి మాట్లాడుకోవచ్చు.

"రెండూ పూర్తిగానా?" అంది రఖియా, అడుగు ముందుకు వేసి. "మధ్యాహ్నం నుంచి వస్తే?"