పంపు మరమ్మతుకు కొత్త పేరు

నా నవల వేసుకుంటామని ఓ ప్రచురణ సంస్థ నుంచి కబురు వచ్చేసరికి మేమిద్దరం హోటల్ లిఫ్టులో ఇరుక్కుని ఉన్నాం. పెళ్ళయి ఐదు రోజులు. నేను ఫోను చూసి కేక పెట్టాను. మా ఆయన గారెట్ నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. ఆ కుదుపుకేనేమో, లిఫ్టు కదిలింది.

"చదువు, మొత్తం చదువు!" అన్నాడు.

చదివాను. కథ బాగుందట. అంగారకుడి మీద నీటి పంపులు బాగుచేసే ముసలావిడ మరీ బాగుందట. పేరొక్కటే బాగాలేదట. 'పంపు మరమ్మతు' అంటే ఎవరూ కొనరట. 'మరచిన చంద్రుల కింద మనం నీళ్ళు మోసిన ప్రతి రాత్రీ' అని పెడతారట. రేపు ఉదయం పదింటిలోగా సరేననాలి. లేకపోతే ఒప్పందం లేదు.

"ఆవిడ పని చేసేది పగలు కదా?" అన్నాడు గారెట్.

"పగలే."

"నీళ్ళు మోస్తుందా?"

"మోసే ఖర్మ ఎవరికీ పట్టకూడదనే కదా మహానుభావా, పంపు బాగుచేసేది!"

ఏడేళ్ళు రాశాను. పదకొండు చోట్ల కాదన్నారు. ఇప్పుడు అవునన్నవాళ్ళు ఇలా అన్నారు.

మా హోటలు కెప్టెన్ డూలీస్. నెవాడా ఎడారిలోని ఈ జూదాల ఊరు లాఫ్లిన్‌లో ఇంతకన్నా చవకది లేదు. కేసినోలన్నీ పోటీలు పడి వేషాలు కట్టిన రోజుల్లో దీని యజమానికి ఓడదొంగలు తట్టారు, ఎడారిలో. ఆ మోజు పోయి ఎన్నేళ్ళయిందో! గుమ్మంలో ప్లాస్టర్ కెప్టెన్‌కి ముక్కు లేదు. తివాచీ మీద నిధిపెట్టెల బొమ్మలు, వాటి మీద సిగరెట్లు కాల్చిన చిల్లులు. మా గదికి ఓడకున్నట్టు గుండ్రటి కిటికీ. అందులోంచి చూస్తే చెత్తడబ్బాలు. ఆ కిటికీ మాత్రం నాకు తెగ నచ్చింది.

కింద బింగో హాల్లో సైన్స్ ఫిక్షన్ పాఠకుల వార్షిక సభ జరుగుతోంది. ఇంకెక్కడా ఇంత తక్కువకి హాలు దొరకదు. అక్కడ పాత పుస్తకాలమ్మే వెర్నన్ నాకు పదేళ్ళుగా తెలుసు. ఆయన పుస్తకాలను రచయితల వారీగా కాదు, పేరు తీరును బట్టి అట్టపెట్టెల్లో సర్దుతాడు. ఒక పెట్టె నిండా కూతుళ్ళు: గాలి తూచేవాడి కూతురు, గ్రహాలమ్మేవాడి కూతురు. పక్క పెట్టెలో జంటలు: తుప్పూ కిరీటమూ, బూజూ సింహాసనమూ. మూడో పెట్టెలో పొడుగు వాక్యాలు. అవి పొంగి నేల మీద పడ్డాయి.

"ఇలా ఎందుకు సర్దుతారండీ?" అన్నాడు గారెట్.

"జనం అలాగే అడుగుతారు నాయనా. 'ఆ కూతురి పుస్తకం ఉందా?' అంటారు. ఏ కూతురో వాళ్ళకే తెలీదు. ఈ వాక్యాలవి అయితే అడగను కూడా అడగలేరు. సగంలో ఊపిరి అందదు."

నా కబురు చెప్పాను. ఆయన లేచి నిలబడి చేయి కలిపాడు.

"శెభాష్ అమ్మాయ్! ఏం పేరు పెడతారట?"

"మరచిన రాత్రుల... కాదు. మనం మరచిన నీళ్ళ కింద..."

"చంద్రులు మోసిన," అందించాడు గారెట్.

"చంద్రులెలా మోస్తారోయ్!"

"నీ పుస్తకమే కదా, నువ్వే చెప్పు!"

ఫోను తీసి చూడాల్సి వచ్చింది. వెర్నన్ నవ్వలేదు. నేల మీది పుస్తకాల గుట్టను కాలితో కాస్త పక్కకు జరిపి, నా పుస్తకానికి చోటు చూపించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మరి నువ్వు పెట్టిన పేరు?" అన్నాడు.

"పంపు మరమ్మతు," అన్నాం ఇద్దరం, ఒకేసారి.

ఆయన పెట్టెలన్నీ కలియజూశాడు. "దానికి నా దగ్గర పెట్టె లేదే!"

గారెట్ నా చేయి పట్టుకున్నాడు. "వాళ్ళు వద్దంటే?"

"పన్నెండో చోటికి పంపుతాను. రేపు పదింటిదాకా ఆగేది లేదు. తొమ్మిదింటికే ఫోన్ చేసి, పేరు మార్చేది లేదని చెప్తాను. వాళ్ళేమన్నా సరే, ఆ తర్వాత మనం కిందికొచ్చి పాన్‌కేకులు తింటాం."